గోడమంచము: అంగడిలో కొనుటయా, ఇంట చేసికొనుటయా?

గృహమున స్థలము చాలకపోవుట నేడు సామాన్య గృహస్థులందఱికిని ఉన్న యిబ్బందియే. హైదరాబాదు పాతబస్తీలో కాపురముండు మావంటివారికి ఇది మఱింత అనుభవవేద్యము. ఒకప్పుడు విశాలమైన ముంగిలియు, చుట్టును వసారాలును గల దేవిడీలు అన్నదమ్ముల పంపకములలో ముక్కలై, ఆ ముక్కలు వాటాలై, వాటాలు అద్దెగదులైనవి. లాల్ దర్వాజా, గౌలీపురా, షాలిబండ, అలియాబాదు వీధులలో రెండు గదులయందు అయిదాఱుగురు కాపురముండుట విశేషము కాదు. ఉదయము పిల్లలు చదువుకొను గదియే సాయంకాలము వచ్చినవారు కూర్చుండు గది. రాత్రి అదియే పడకగది. ఆషాఢమున బోనాల పండుగకు చుట్టములు నలుగురు వచ్చిరనిన, ఇల్లాలికి మొదట తోచు చింత వంటను గూర్చినది కాదు, పడకను గూర్చినది.

ఇట్టి యిండ్ల కొఱకే గోడమంచము పుట్టినది. పగలు గోడకానించి నిలువుగా మడిచి, రాత్రి దించుకొను మంచమిది. ఇప్పుడది అంగళ్లలో సిద్ధముగా దొరకుచున్నది. కొయ్యపని తెలిసినవారు కొందఱు ఇంటనే చేసికొనుచున్నారు. ఈ రెంటిలో ఏది మేలు? మేము జాంబాగు, ఆగాపురా వీధులలోని కొయ్యసామానుల అంగళ్లు తిరిగి, వడ్రంగులతో మాటలాడి, లెక్కలు వేసి, తుదకు మా యింట నొకటి ఏర్పఱచుకొంటిమి. ఆ విచారణలో మాకు తెలిసిన సంగతులను సోదరీమణుల ముందుంచుచున్నాము.

మంచమును గూర్చి మన పూర్వులు తక్కువగా ఆలోచింపలేదు. అమరసింహుడు మంచ, పర్యంక, పల్యంక శబ్దములను ఖట్వా శబ్దమునకు సమానార్థకములుగా చెప్పియున్నాడు. వరాహమిహిరుని బృహత్సంహితలో శయ్యాసనములను గూర్చి ఒక అధ్యాయమే కలదు; ఏ మ్రాను మంచమునకు పనికివచ్చునో, కొయ్యలో నెట్టి దోషములుండరాదో అందు విచారింపబడినది. కాని గోడకు మడిచెడు మంచమునకు వారు పేరుపెట్టలేదు. పెట్టవలసిన అవసరము వారికి కలుగలేదు. మన నులకమంచమును తెల్లవాఱగానే ఎత్తి గోడకు చేరవేయుట చిన్నపిల్లకును తెలిసిన పనియే గదా!

కొయ్యపెట్టెలో మడుగు మంచమును గూర్చి పాశ్చాత్య దేశముల చరిత్రలో ఒక స్త్రీ పేరు వినబడుట మనకు సంతోషకరము. అమెరికాలోని చికాగో నగరమున కొయ్యసామానుల అంగడి నడపిన శారా గూడ్ అను నల్లజాతి వనిత, పుట్టుకచే బానిసయై, పిదప స్వతంత్రురాలై, చిన్న యిండ్లలో కాపురముండు వారి యిబ్బందిని చూచి, మడిచినప్పుడు వ్రాతబల్లగా నుండి విప్పినప్పుడు మంచమగు సాధనమును కల్పించి 1885 జూలై 14వ తేదీన దానికి పేటెంటు పొందెను. ఆ తరువాత ఇరువదవ శతాబ్దారంభమున శాన్ ఫ్రాన్సిస్కో నగరవాసి విలియం మర్ఫీ గోడమంచములను చేసి ప్రచారమునకు తెచ్చెను. ఆయన పేరు ఆ వస్తువున కెంతగా అంటుకొన్నదనగా, 1989లో అమెరికాలోని ఒక న్యాయస్థానము 'మర్ఫీ మంచము' అనునది అందఱును వాడుకొను సామాన్యనామమైపోయినదని తీర్పు చెప్పెను. 1916లో చార్లీ చాప్లిన్ 'వన్ ఏ.ఎం.' అను మూకీ చిత్రమున ఇట్టి మంచముతో కుస్తీ పట్టి లోకమును నవ్వించెను. చూచువారికి అది నవ్వే. ఇంట నట్లు జరిగినచో నవ్వు కాదు. ఆ సంగతి ముందు చెప్పుదుము.

మొదట కొలత, పిదప కోరిక

అంగడికి పోవుటకు ముందు కొలత టేపు తీసికొని గదిని కొలువవలెను. 10 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు గల గది 90 చదరపు అడుగులు. ఆఱడుగుల మూడంగుళముల పొడవును మూడడుగుల వెడల్పును గల ఒంటిమంచము దాదాపు 19 చదరపు అడుగులను, అనగా గదిలో అయిదవవంతును ఆక్రమించును. దానిని మడిచినంత మాత్రమున ఆ పందొమ్మిదియు మనకు దక్కునని అంగడివారు చెప్పినచో నమ్మరాదు. మంచమును దాచు పెట్టెకును లోతుండును. పరుపుతో కూడ మడుగు పెట్టెకు పదునాలుగంగుళముల లోతు కావలయుననుకొందము. అడ్డముగా నుంచిన పెట్టె ఏడున్నర చదరపు అడుగులు తినివేయును. మనకు మిగులునది పదునొకండే. నిలువుగా మడుగు మంచమైనచో పెట్టె నాలుగు చదరపు అడుగులలో ఇముడును. కాని దించునప్పుడు గదిలోనికి ఆఱడుగులకు పైగా చాచుకొనును. ఎదుట బీరువాయో తలుపో అడ్డము వచ్చునేమో సుద్దముక్కతో నేలపై గీచి చూచుకొనుట మంచిది. ఆ గీతలు ఒక దినము చెఱిపివేయక ఇంటిల్లిపాదియు వానిచుట్టు మసలి చూచిన, ఏ మంచము ఇముడునో కన్నులకే తెలియును.

నిలువు మడతకును అడ్డు మడతకును ఇంకొక భేదము కలదు. నిలువుగా లేచిన మంచపు కొన మనిషి తలకంటె ఎత్తున నుండును. జాఱినచో అంత ఎత్తునుండియు పడును. అడ్డముగా మడిచిన మంచపు అంచు నేలనుండి నాలుగున్నర అయిదడుగులకు మించదు. అది లేపుటకు తేలిక, దించుటకు తేలిక. వృద్ధులును పిల్లలును మసలు ఇంట అడ్డు మడతయే క్షేమకరము.

గోడను పరీక్షించుట

మంచమున కాధారము గోడ. ఆ గోడ యెట్టిదో తెలియక మంచమును గూర్చి మాటలాడుట వ్యర్థము. పాతబస్తీ యిండ్లలో ఒకే గదికి మూడు విధములైన గోడలుండుట కద్దు: ఒకటి రెండడుగుల మందమున రాతితో సున్నమో మన్నో పెట్టి కట్టిన పాతగోడ, ఒకటి తరువాత పంపకములనాడు లేపిన నాలుగంగుళముల ఇటుకగోడ, ఇంకొకటి సిమెంటు గోడ. మందముగా నున్నంత మాత్రమున పాతగోడ గట్టిదని భ్రమపడరాదు. రాళ్ల నడుమ పూత మన్నైయుండిన, బోల్టు బిగించునప్పుడు బిగిసినట్లే యుండి, బరువు పడగానే పెకలి వచ్చును. సన్నని ఇటుకగోడలో బరువును మోయు బోల్టుకు చాలినంత లోతు ఉండదు.

పరీక్ష సులభము. గోడలో మూలగా చిన్న బెజ్జము వేయించి రాలిన పొడిని చేత పట్టి చూడవలెను. ఎఱ్ఱగా, గరుకుగా వచ్చిన ఇటుక. బూడిదరంగున గట్టిగా వచ్చిన రాయియో కాంక్రీటో. మెత్తని మన్నుగా వచ్చినను, బరమా ఒక్కసారిగా ఖాళీలోనికి జాఱినను ఆ గోడను విడిచిపెట్టవలెను. వానకాలమున ఆ గోడ చెమ్మగిల్లునేమో, పూత ఉబ్బి రాలుచున్నదేమో చూడవలెను. ఏటేట వానలకు ముందు నగరపాలక సంస్థవారు శిథిలగృహములను గుర్తించి నోటీసులిచ్చుట పాతబస్తీవారి కెఱుకే. అట్టి యింట గోడకు నూతన భారము పెట్టుట వివేకము కాదు. అద్దెయిల్లైనచో ఇంటివారి అనుమతి లేక గోడను ముట్టరాదు.

సిద్ధముగా కొనుటలోని గుణదోషములు

అంగడిలో దొరకు గోడమంచములలో రెండు ప్రక్కల వాయువు నింపిన ఉక్కుగొట్టములు బిగించియుందురు. వీనిని గ్యాస్ స్ప్రింగులందురు. మన అంగళ్లలో పంపులనియు, హైడ్రాలిక్ అనియు వాడుక. లోపల అదిమిన నత్రజని వాయువు మంచపు బరువునకు ఎదురుగా త్రోయుచుండును గావున, భారమైన మంచము కూడ ఒక చేతితో లేచును. ఈ బలమును న్యూటన్లలో లెక్కింతురు. 1,000 న్యూటన్లు దాదాపు 102 కిలోల బరువునకు సమానము. గొట్టము కీలునకు దగ్గఱగా బిగించుదురు గావున దానికి అంత బలము కావలసివచ్చును.

ఇందలి గొప్ప గుణమేమనగా, మంచి తయారీదారు మంచపు బరువును, పరుపు బరువును లెక్కించి తగిన బలముగల గొట్టములనే అమర్చును. బిగించుటకు నేర్పరులను పంపును. చెడినచో మార్చియిచ్చు పూచీ వ్రాసియిచ్చును. ఇద్దఱు పరుండు పెద్దమంచమునకు, కాంక్రీటు గోడలు గల స్వంత యింటికి, ఇదియే మేలైన మార్గము.

దోషములును కలవు. మొదటిది బరువు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పలక, ఎనిమిదడుగులకు నాలుగడుగులది, ముప్పదికిలోలకు పైగా తూగును. పెట్టెకును చట్రమునకును అట్టివి మూడు నాలుగు కావలసివచ్చును. ఆ భారమంతయు పాతమిద్దెపై పడును. రెండవది, చవుకగా అమ్ము మంచములలో ప్లైవుడ్డునకు బదులు రంపపుపొట్టును జిగురుతో అదిమిన పలకలుండును. చెమ్మ తగిలిన నవి ఉబ్బును. ఉబ్బినచో మరలు పట్టువిడుచును. కావున పలకపై ఐ.యస్.ఐ. ముద్ర యున్నదేమో చూచి, సాధారణపు ప్లైవుడ్డునకు ఐ.యస్. 303 అనియు, నీటికోర్చు మెరైన్ ప్లైవుడ్డునకు ఐ.యస్. 710 అనియు ఉండు సంఖ్యను చదువుకొనవలెను. మూడవది, పంపుల బలము ఫలాన బరువుగల పరుపునకే సరిపోవును. బరువైన పత్తిపరుపు వేసిన మంచము లేవనొల్లదు. పరుపు తీసివేసిన ఉత్త చట్రము ఎగసి కొట్టును. పంపులు బిగించిన మంచమును పరుపు లేకుండ ఎన్నడును దించరాదు.

అన్నింటికంటె ముఖ్యమైన సంగతి వినుడు. 2022 ఏప్రిలులో అమెరికాలో బెస్టార్ అను సంస్థవారి గోడమంచములు దాదాపు 1,29,000 వెనుకకు పిలువబడినవి. గోడనుండి విడివడి మనుష్యులపై పడుటయే కారణము. డెబ్బదితొమ్మిదేండ్ల వృద్ధురాలొకతె 2018లో అట్టి మంచము మీదపడి వెన్నెముకకు దెబ్బతగిలి, పిదప మరణించెను. మంచము కొన్నంతలో పని ముగియదనియు, గోడకు అది యెట్లు బిగింపబడినదన్నదే ప్రాణములకు సంబంధించిన విషయమనియు దీనివలన గ్రహింపవలెను. బిగించుటకు ముందు మనిషిని పంపి గోడను చూపింపని అంగడివాడెంత పేరుగలవాడైనను అతని సరకు వలదు.

మా యింటి లెక్క

మేముండునది పాత మిద్దెయింటిలో అద్దెవాటా. ముందుగదిలో సాయంకాలము మా వారు పేటలోని పిల్లలకు చదువు చెప్పుదురు. ఆ గదిలోనే మా అత్తగారి మంచము. ఆమెకు మోకాళ్ల నొప్పి. నేలమీద కూర్చుండరాదని వైద్యులు చెప్పియున్నారు. మంచమున్నచో పిల్లలు ఎనమండుగురే కూర్చుండగలరు, వచ్చువారు పన్నిద్దఱు. నలుగురు గుమ్మమవతల నిలిచి వినుచుండుట చూచి అత్తగారొకనాడు, "నా మంచం తీసి లోపల పెట్టండమ్మా, నాకు వసారాలో చాప చాలును" అనిరి. అటుపై రెండు రాత్రులు మా మాట వినక అట్లే పరుండిరి. తెల్లవాఱుజామున గోడపట్టుకొని లేవలేక లేచుచుండ మేము చూచితిమి. ఇంట స్థలము చాలనప్పుడు మొదట ముడుచుకొనువారు పెద్దలే. మంచము ముడువవలెను గాని మనిషి ముడుచుకొనరాదని ఆ దినమున మేము నిశ్చయించుకొంటిమి.

ఒక అంగడిలో నచ్చిన మంచమును చూచితిమి. గోడ యెట్టిదని అంగడివాడు అడుగలేదు. మేమే చెప్పగా, "ఏ గోడైననేమి, నాలుగు బోల్టులు చాలు" ననెను. మా గోడలో వేసిన బెజ్జమునుండి రాలినది మన్ను. ఇక ఆ బేరము అక్కడితో ముగిసెను. షాలిబండనుండి మా వీధికి పనికి వచ్చు వృద్ధవడ్రంగి, మేము చాచా యని పిలుచువారు, వచ్చి చూచి ఒక్కమాట చెప్పిరి: "గోడను నమ్మకుండ్రి అమ్మా, జమీన్‌ను నమ్ముండ్రి."

ఆ మాటయే మా మంచమునకు మూలసూత్రమైనది. నేలనుండి పైకప్పు దూలముల వఱకు రెండు టేకు నిలువుకొయ్యలు నిలిపితిమి. పైన రెండు దూలములను కలుపుచు ఒక అడ్డకొయ్యను బిగించి, నిలువుకొయ్యల తలలను దానికి ఇనుపమూలలతో కట్టితిమి. దూలములకు చెద పట్టలేదని చాచా ముందుగా బాడిస మడమతో కొట్టి, మ్రోత విని నిశ్చయించిరి. ఇంటి యజమానురాలు గోడ ముట్టనందులకు సంతోషించి ఒప్పుకొనిరి. నిలువుకొయ్యల నడుమ నేలకు పదునాఱంగుళముల ఎత్తున ఒక దిట్టమైన పట్టె. మంచపు లోపలి పట్టెకు దానితో మూడు ఇనుప బందులు. మంచపు వెలుపలి అంచున మడుగు కోళ్లు రెండు.

మంచమునకు పలక వేయలేదు, నవారు అల్లితిమి. ఇచ్చటనే మాకు పెద్ద లాభము కలిగినది. మూడంగుళముల వెడల్పు, రెండంగుళముల మందము గల టేకు పట్టెలతో చట్రము దాదాపు 14 కిలోలు. నవారు, కోళ్లు, ఇనుము కలిపి 20. పలుచని బొంతతో 25. ఒక అంచున బందులుండి రెండవ అంచున పట్టి లేపునప్పుడు మన చేతిమీద పడునది సగము బరువే. అనగా పన్నెండు పదమూడు కిలోలు, ఒక పెద్ద బిందెడు నీళ్ల బరువు. అది పైకి లేచినకొలది ఇంకను తేలికపడును. ఇట్టి మంచమునకు పంపు అక్కఱలేదు, గొట్టము అక్కఱలేదు, చెడునది యేదియు లేదు. పదునాలుగేండ్ల మా అమ్మాయి రెండు చేతులతో లేపుచున్నది. మడిచిన మంచము గోడనుండి తొమ్మిదంగుళములే ముందుకు వచ్చును.

ఈ పద్ధతి మాకు తోచినది రైలుబండి వలననే. మూడంతస్తుల స్లీపరు పెట్టెలో పగలు నడిమి బెర్తు మడిచి వీపుపలకగా నుంచి, రాత్రి లేపి గొలుసులకు తగిలించుట ప్రయాణము చేసిన వారందఱు చూచినదే. మేమును మంచపు రెండు మూలలకు నిలువుకొయ్యలనుండి గొలుసులు వేసితిమి. కోళ్లు జాఱినను గొలుసులు పట్టుకొనును. అయితే గొలుసు ఉన్నంతనే క్షేమము కలుగదు. 2024 జూన్ నెలలో మిలీనియం ఎక్స్‌ప్రెస్ మన తెలంగాణ మీదుగా పోవుచుండగా పైనున్న బెర్తు జాఱి క్రిందివానిపై బడి, కేరళీయుడైన ప్రయాణికుడొకడు మరణించెను. బెర్తు చెడలేదనియు, గొలుసు సరిగా తగిలింపకపోవుటయే కారణమనియు రైల్వేవారు చెప్పిరి. దించిన ప్రతిరాత్రియు గొలుసును చేత లాగి చూచుట మా యింట దీపము పెట్టుటవలె నియమమైనది.

నాలుగు ఆదివారములు పని జరిగెను. చాచా కోత, కుసులు, బందులు చూచుకొనిరి. చిత్రికపట్టుట, గరుకుకాగితముతో రుద్దుట, నవారు అల్లుట మేము చేసికొంటిమి. టేకు, ఇనుము, కూలి అన్నియు కలిపి అంగడివాడు చెప్పిన వెలలో మూడవవంతునకు మించలేదు. మొదటిరాత్రి మంచముపై మనిషిని పరుండబెట్టలేదు. 25 కిలోల బియ్యపు సంచులు అయిదు, కిరాణావాని యొద్ద ఒక రాత్రికి అడిగి తెచ్చి పేర్చితిమి. ఉదయమున బందులు కదలలేదు, అడ్డకొయ్య వంగలేదు. పిదపనే అత్తగారు పరుండిరి. బొంతతో కలిపి ఎత్తు పదునెనిమిదంగుళములు. కాళ్లు నేలకాని, చేత నిలువుకొయ్యను పట్టుకొని లేచుటకు సరిపోయినది. మధ్యాహ్నము కొంతసేపు నడుము వాల్చుటకును అమ్మాయి దించియిచ్చును. సాయంకాలము పన్నిద్దఱు పిల్లలును లోపలనే కూర్చుండుచున్నారు. వారు రాకమునుపే అత్తగారు తామే, "మంచం లేపండే, పిల్లలొస్తారు" అని హెచ్చరించుచుందురు.

ఇంట చేయుటలో మీఱరాని నియమములు

ఇంట చేయుట మేలని మేము చెప్పినది ఒంటిమంచమును, తేలిక మంచమును గూర్చియే. ఇద్దఱు పరుండు మంచమును తలుపు బందులతో వ్రేలాడదీయుట ప్రాణాపాయము. సామాను దాచుకొను పెట్టెమంచముల పంపులు వేఱు, గోడమంచపు పంపులు వేఱు. ఒకదానిని తెచ్చి రెండవదానికి బిగింపరాదు. పెద్దమంచము కావలసి, అంగడిలోని పెట్టె గదికి కుదురనివారికి మూడవ మార్గము కలదు. హాఫెలె వంటి సంస్థలు గోడమంచపు ఇనుపసామగ్రిని మాత్రము విడిగా అమ్ముచున్నవి. దానిని తెచ్చి, దానితో వచ్చు కాగితమున చెప్పిన బరువులకును కొలతలకును లోబడి, మన వడ్రంగిచేత పెట్టెను చేయించుకొనవచ్చును. ఆ కాగితమును చదువక పని ప్రారంభించు వడ్రంగిని మొదటనే ఆపవలెను.

మడిచిన మంచమునకు పైన రెండు గడియలుండవలెను. అందొకటి చిన్నపిల్లల చేతికందని ఎత్తున. ఒకటి చెడినను రెండవది పట్టియుండును. మంచపు నీడలో పిల్లలను ఆడుకొననీయరాదు. మడిచిన మంచముపై పుస్తకములు, పెట్టెలు పేర్చరాదు. దించునప్పుడు పిల్లలెక్కడనున్నారో చూచి, 'దించుచున్నాను' అని నోట చెప్పి దించుట మంచి అలవాటు. బందుల సందున వ్రేళ్లు నలుగకుండ అంచులకు గుడ్డపట్టీ కుట్టుకొనవచ్చును. ఆఱు నెలలకొకసారి మరలన్నియు బిగించి, బందులకు చుక్క నూనె వేయవలెను. పంపులు గల మంచమున, లేపిన మంచము తనంత తాను క్రిందికి జాఱుచున్నచో వాయువు తగ్గినదని గ్రహించి, రెంటిని కలిపి మార్పింపవలెను. ఒక్కదానినే మార్చిన మంచము మెలిదిరుగును.

శుభ్రతయు ముఖ్యమే. మూసిన పెట్టెలో పరుపు మ్రగ్గి వానకాలమున బూజుపట్టును. లేవగానే మడువక అరగంట గాలి తగులనిచ్చి మడువవలెను. పెట్టె వెనుకపలకకు గాలి రంధ్రములు కావలెను. గోడకును పెట్టెకును రెండంగుళముల యెడముండవలెను. వారమున కొకసారి పరుపును ఎండవేయుట మంచిది. నవారు మంచమునకు గాలి సహజముగా తగులును, సడలినచో బిగించుకొనవచ్చును. నేలనుండి చెద ఎక్కకుండ కొయ్య అడుగులకు రాతిముక్క పెట్టుట పూర్వాచారమే, దానిని విడువరాదు.

ఎవరికేది?

స్వంత యిల్లు, గట్టి గోడ, ఇద్దఱు పరుండు మంచము, వెల పెట్టగల స్తోమత, ఈ నాలుగును గలవారు పేరుగల అంగడిలో సిద్ధమంచము కొనుట మంచిది; గోడను చూచి బిగించి, పూచీ వ్రాసియిచ్చువానియొద్దనే కొనవలెను. గది కొలతలు వింతగా నుండి, నమ్మదగిన వడ్రంగి దొరకినవారు ఇనుపసామగ్రిని కొని పెట్టెను చేయించుకొనవచ్చును. అద్దెయిల్లు, పాతగోడ, ఒకరు పరుండు మంచము అయినచో నేలను నమ్మి నిలుచు తేలిక నవారుమంచము చేసికొనుట శ్రేయస్కరము. అద్దెయిల్లు మారినను మరలు విప్పి బండిలో వేసికొని పోవచ్చును.

ఏది యెంచుకొన్నను, వెలను గూర్చి మాటలాడుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: ప్రతిదినము దీనిని లేపునదెవరు, దించునదెవరు? సాధారణముగా ఆ చేతులు మనవే. అంగడిలో అమ్మువాడు లేపి చూపినపుడు తేలికగా తోచును. వానిని ప్రక్కకు తప్పుకొనుమని చెప్పి, మనమే, ఒంటరిగా, పరుపు వేసియున్న మంచమును పదిమాఱులు లేపి దించి చూడవలెను. పదవమాఱు కూడ నడుము పట్టక, చేయి వణకక లేచినచో అప్పుడు బేరమాడుడు.